నోట్లె గుక్కెడు నీళ్లు

"అక్కా, మేనేజర్ మీద కోపమొస్తలేదా?" అనడిగిన.

"ఎందుకు రాదే చెల్లె! ప్రభువు నన్ను ఇంకా దిద్దుతనే ఉన్నడు," అని నవ్వి, నానక్‌రామ్‌గూడ ఆటో ఎక్కింది. మళ్ల కానరాలే.

ఆమె మా ఆఫీసుల హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. ఒకప్పుడు ఆమె నోరంటే మాకు హడల్. బాప్తిస్మం తీసుకున్నంక, కోపమొస్తే నోట్లె గుక్కెడు నీళ్లు పట్టి, మనసుల ప్రార్థన చేసుకొని, మింగినంకనే మాట్లాడేది. "తిట్ల నల్లా బందైందే" అని మేం నవ్వుకునేటోళ్లం.

ఆ పొద్దు నేను బోర్డు పెట్టుడు మర్చి తుడిచిన తడి నేల మీద ఒక సారు జారిపడ్డడు. నన్ను పనిల నుంచి తీసేస్తనని మేనేజర్ ఒర్లిండు. మొగుడు పోయినదాన్ని, ఆ జీతమే నాకు బువ్వ. అక్క నీళ్లు పట్టింది. మింగింది.

"జారుతదని బోర్డు పెట్టుడు మర్చింది నేను సార్. తీసేస్తే నన్ను తీసెయ్యుండ్రి."

ఆమెనే తీసేసిండ్రు.

నేను చెప్పిందంత రాసినవా బిడ్డా? నాకు చదువు రాదు. నీళ్లు మింగిన కాడికెళ్లి జర చదివి వినిపియ్యి.