గిత్తురగం రంగులు

1997 జూన్‌లో నన్ను తిరుపతిలోని ఒక డిగ్రీ కళాశాలకు జంతుశాస్త్రం లెక్చరరుగా బదిలీ చేశారు. నాకు అప్పగించిన పాఠం జన్యుశాస్త్రం. పుస్తకంలో ఉదాహరణ బఠానీ మొక్క. మూడుకు ఒకటి అనే నిష్పత్తి విద్యార్థులకు కంఠతా వచ్చు. ప్రశ్నలో మొక్కను మారిస్తే మాత్రం చేతులెత్తేసేవారు. అందుకని ఏ పుస్తకంలోనూ లేని జంతువునొకదాన్ని కల్పించాను. గిత్త తల, గుర్రం కాళ్ళు. చార్టు మీద బొమ్మ గీసింది నా భార్య సరళ. ఎక్కి తిరగలేని జంతువైతే పిల్లలకు దానిమీద ఏం మక్కువ ఉంటుందని వీపున జీను కూడా వేసింది. గిత్తురగమని పేరు పెట్టిందీ తనే. తను పోయి ఇప్పటికి రెండేళ్ళయింది. చార్టు నా దగ్గరే ఉంది.

గిత్తురగానికి రెండే రంగులు: నలుపు, పాల రంగు. రంగుకు సంబంధించిన జన్యువులు ప్రతి జంతువులో రెండుంటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. నలుపు బహిర్గతం, అంటే ఒక్కటున్నా పైకి కనబడుతుంది. పాల రంగు అంతర్గతం. రెండూ అవే అయితేనే బయటపడుతుంది. కాబట్టి రెండింటిలోనూ పాల రంగు జన్యువు దాగి ఉంటే, రెండు నల్ల జంతువులకు పాల రంగు పిల్ల పుట్టవచ్చు.

మరుసటి ఏడాది ఒక సాయంత్రం ల్యాబు ఖాళీ అయ్యాక మా అటెండరు మునిరత్నం తుడిచిన స్లైడులనే మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాడు. ఏమిటని అడిగాను. అతని కూతురు రేవతి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డకు పిల్లికళ్ళు. భార్యాభర్తలిద్దరివీ నల్లకళ్ళే. అత్తవారు ఒకసారి వచ్చి బిడ్డను చూసి వెళ్ళారు. నెలలు గడిచినా తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు.

"బిడ్డ ఎవురిదని నోరు తెరిచి అడిగింటే చెప్పుతో కొట్టొచ్చు సార్. అడక్కుండా ఊరకుండారు. దానికేం జెయ్యల్ల?" అన్నాడు.

నా పాఠాలప్పుడు గోడకు చార్టు తగిలించేది అతనే. గిత్తురగం సంగతి మనుషుల్లోనూ నిజమేనా అని అడిగాడు. కళ్ళ రంగు అంత సులువైన లెక్క కాదని, దానికి చాలా జన్యువులు పనిచేస్తాయని, అయినా దారి ఇలాంటిదేనని చెప్పాను.

"అయితే మీరే వచ్చి చెప్పల్ల సార్. నేను చెప్తే ఆడపిల్ల నాయన మాట అయిపోతాది."

ఆదివారం చార్టును చుట్టగా చుట్టుకుని నగరి బస్సెక్కాం. రేవతి అత్తవారిది ఆ దగ్గరి పల్లె. చెరుకు వేస్తారు, ఆవులున్నాయి. మామ చెంగల్రాయుడు మంచం వాల్చి కూర్చోమన్నాడు. రేవతి భర్త వాకిట్లో తలుపు పక్కన నిలబడ్డాడు. అత్త కుప్పమ్మ వంటింటి గడప దగ్గరే ఉండిపోయింది.

పశువులున్న ఇల్లు కదా అని ఆవులతో మొదలుపెట్టాను. అది సాగలేదు. ప్రతి మాటకూ చెంగల్రాయుడి దగ్గర ఒక ఆవు ఉంది. "మా నల్లావు ఎన్ని ఈతలు ఈనినా అన్నీ నల్లదూడలే అయ్యోరా" అన్నాడు. తర్వాత దాని తల్లి చరిత్ర ఎత్తుకున్నాడు. నేను చార్టు విప్పాను.

"ఇది యాడ దొరుకుతాది?"

ఎక్కడా దొరకదని, మేమే కల్పించామని చెప్పాను.

"అయితే గడ్డి ఖర్చు లేదు" అని నవ్వి, ముందుకు వంగాడు. తన అనుభవంలో లేని జంతువు గనుక ఈసారి అడ్డు చెప్పలేదు. నల్ల తల్లి, నల్ల తండ్రి, పాల రంగు పిల్ల. గీతల వెంట వేలు పెట్టి నడిపించాను.

అప్పుడు గడప దగ్గరి నుంచి కుప్పమ్మ అడిగింది. "పాల రంగు పిల్ల పుట్టల్లంటే రెండు పక్కలా ఉండాల్నా?"

ఉండాలన్నాను.

"నాయన పక్కన కూడా?"

తప్పదన్నాను. ఆమె వచ్చి బొమ్మ దగ్గర కూర్చుంది.

"మా సిన్నమ్మకు పిల్లికండ్లు. ఆ కండ్లకే పెండ్లి కాలేదు. అట్లనే పోయింది. బిడ్డను సూస్తానే నాకు ఆమే అగపడింది" అంది.

"ఇన్నేండ్లూ నాకు చెప్పలేదే" అన్నాడు చెంగల్రాయుడు.

"చెప్పింటే నన్ను చేసుకుంటారా మీ వోళ్ళు? చేసుకున్నాక చెప్దామంటే, నీ నల్లావు కతలకే పొద్దు సాలదే."

ఎవరూ నవ్వలేదు. రేవతి భర్త లోపలికి పోయి చొక్కా వేసుకుని వచ్చాడు. "మామా, మీతో తిరుపతికి నేనూ వస్తా" అన్నాడు మునిరత్నంతో.

ఆ రోజు నేను కుప్పమ్మకు తెలియని సంగతేమీ చెప్పలేదు. ఆవుల గురించి మాట్లాడితే ఆ ఇంటి ఆవులు అడ్డొచ్చాయి. మనుషుల గురించి మాట్లాడి ఉంటే నన్ను లేచి పొమ్మనేవారు. ఎవరిదీ కాని జంతువు ముందు ఆమె తన వైపు సంగతి తానే చెప్పుకుంది. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా తరగతిలో మనుషుల కళ్ళను గానీ ఒంటి రంగును గానీ ఉదాహరణగా తీసుకోలేదు. బెంచీల మీద ఏ ఇంటి పిల్లలు కూర్చున్నారో లెక్చరరుకు తెలియదు.