కొండయ్య జేబులో కార్డు

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, ఒక ఆగస్టులో నన్ను వరికుంటపాడు మండలానికి వేశారు. నాది కంటి వైద్య సహాయకుడి ఉద్యోగం. చూపు పరీక్షించి, శుక్లాలున్నవాళ్లను ఆపరేషనుకు పంపేవాణ్ణి. నెలాఖరులోనే నేత్రదాన పక్షోత్సవాలు వచ్చాయి. ఆ రెండు వారాలూ ఊరూరా తిరిగి, చనిపోయాక కళ్లిస్తామనేవాళ్ల చేత అంగీకార పత్రాలు రాయించాలి.

పత్రం మీద ఇద్దరు సాక్షులుండాలి, ఒకరు ఇంటిమనిషైతే మంచిది. ఇంటిమనిషిని వెతికే ఓపిక నాకెక్కడిది? కంటి శిబిరం వరసలో పక్కనున్నవాళ్ల చేతే సంతకాలు పెట్టించాను. ఆత్మకూరులో పై అధికారుల సమీక్షకు తీసుకెళ్తే, అందరికంటే నా పత్రాల కట్టే లావు. మీసం మెలేసి తిరిగొచ్చాను.

అందులో గొర్రెలు మేపే కొండయ్యది ఒకటి. శుక్లం ఆపరేషనుకు నేనే పంపిన మనిషి. కండ్లిస్తే వచ్చే జన్మలో గుడ్డోడివై పుడతావని వరసలో ఎవరో ఎగతాళి చేస్తే, "ఈ జన్మలోనే సగం గుడ్డోణ్ణయినాను గదరా. నాకొచ్చిన చూపు ఇంకొకడికీ రానీ" అన్నాడు. వేలిముద్ర వేసి, నేనిచ్చిన నేత్రదాత కార్డు జేబులో పెట్టుకున్నాడు.

మరుసటి వేసవిలో ఆయన భార్య చెంచమ్మ చుక్కల మందుకు వచ్చింది. కొండయ్య పోయి నెల దాటిందని అప్పుడే తెలిసింది. కొంగుముడి విప్పి కార్డు నా బల్ల మీద పెట్టి, "ఆయన చొక్కాలో ఉండింది సార్. ఏం మందులకిచ్చినారో చూడండి" అంది.

చదివి చెప్పాను. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు ఫోను చేస్తే నేత్రనిధివాళ్లు వచ్చి కంటి ముందుండే పల్చటి పొర తీసుకుంటారనీ, అంతదాకా ఫ్యాను ఆపి, మూసిన రెప్పల మీద తడి దూది ఉంచితే చాలనీ వివరించాను.

"తెల్లారి పోయినాడు సార్. కూతురు రావాలని పొద్దుగూకేదాకా పెట్టుకోనుండాం. ఒక్క మాట నా చెవినేసుంటే మీ సొమ్మేం పోయింది?"

 పత్రం ఉన్నా ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే కళ్లు తీస్తారు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు.

వెళ్తూ తన పేరూ రాసుకోమంది, అయితే ఇంటికొచ్చి కొడుకు ముందర రాయమంది. వెళ్లాను. కొడుకు మొదట ససేమిరా అన్నాడు. "మీ నాయన మాట ఎట్టాగూ పోయింది. నా మాటన్నా నిలబెట్టు" అందామె. సాక్షి సంతకం అతనే పెట్టాడు.

ఆ తర్వాత ఏ పత్రమైనా ఇంట్లోవాళ్ల మధ్యే రాయించాను. కట్ట పల్చబడింది, ఆత్మకూరులో చీవాట్లూ తిన్నాను. రెండేళ్లకు చెంచమ్మ పోయిన పొద్దున కొడుకే నాకు ఫోను చేశాడు. ఫ్యాను ఆపేశామని, త్వరగా రమ్మని చెప్పాడు.

సంతకం పెట్టిన మనిషి ఫోను చేయలేడు. చేయాల్సినవాళ్ల ఎదుటే ఆ సంతకం పెట్టించాలి. నేను నేర్చుకున్నది అంతే.