పట్టాల వైపు తిరిగి విన్న నవల

ఆదివారం ఉదయం తొమ్మిదీ పదికి రేపల్లె ప్యాసింజరు తెనాలి స్టేషనుకు వచ్చింది. మాస్టారు దిగి మా బెంచీ దగ్గరికి నడిచారు. భాయ్ అంతకుముందే బాపట్ల నుంచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మెడకు మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. అది ఎండాకాలం.

మేం ముగ్గురం కథలు రాసేవాళ్ళం. మాస్టారు రేపల్లెలో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. భాయ్‌కి బాపట్లలో టైలరింగ్ షాపు. నాది తెనాలిలో బ్యాంకు ఉద్యోగం. నెలకో ఆదివారం ఆ బెంచీ దగ్గర కలిసేవాళ్ళం. మాకో పద్ధతి ఉండేది. ఎవరి కథను వాళ్ళు చదవకూడదు, మరొకరు పైకి చదవాలి. రాసినవాడు పట్టాల వైపు తిరిగి కూర్చుని, అయ్యేదాకా నోరు మెదపకూడదు. రాసినవాడే చదివితే తప్పుల్ని గొంతుతో కప్పేస్తాడని మాస్టారు పెట్టిన నియమం అది.

ఆ రోజు భాయ్ నవలలో చివరి భాగం చదవాలి. ఈపురుపాలెంలో మగ్గం అమ్ముకున్న ఒక ఇంటి కథ. నేను చదివాను. అయ్యాక భాయ్ ఇటు తిరిగి, గుంటూరు డాక్టరు చెప్పింది చెప్పాడు. గొంతులో రాచపుండు. ముదిరిపోయింది. అతని మాట అప్పటికే బొంగురుగా వస్తోంది.

"పుస్తకం అక్కర్లేదు మాస్టారూ. మీరూ, తమ్ముడూ కాకుండా, బయటివాడు ఒక్కడు చదవాలి. చదివి ఏమనుకున్నాడో నేను వినాలి. అంతే."

ఆ నవలను ఒక వారపత్రిక అప్పటికే తిప్పి పంపింది. ఇంకో పత్రిక ఏ సంగతీ చెప్పలేదు. తెలుగులో బ్లాగులు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులవి. నెట్‌లో పెడదామన్నాను. రెండు దారులున్నాయి. ఒకటి, వెబ్ పత్రిక. వాళ్ళు చదివి, బాగుంటేనే వేస్తారు. అంతకుముందే నేను మెయిల్ పెట్టి అడిగితే నిర్ణయానికి కొన్ని నెలలు పడుతుందనీ, ఈలోగా మరెక్కడా రాకూడదనీ జవాబిచ్చారు. రెండోది, సొంత బ్లాగు. ఈ రోజే పెట్టుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు.

"అదేంటయ్యా," అన్నారు మాస్టారు. "ఎవరినీ అడగక్కర్లేకపోతే ఎవరు ఒప్పుకున్నట్టు? నా పెళ్ళికి నేనే పురోహితుణ్ణి అన్నట్టుంది. పత్రికకే పంపండి."

"నెలలంటున్నారండి."

"నవల ఏమన్నా పాచిపోద్దా?"

"నవల పాచిపోదండి మాస్టారూ," అన్నాడు భాయ్.

మద్రాసు వైపు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఆగకుండా పోయింది. మాస్టారు సంచీ తీసుకుని, తన బండికి ఇంకా చాలా టైముండగానే లేచి వెళ్ళిపోయారు. అంతకుముందు ఎప్పుడూ అలా వెళ్ళలేదు.

భాయ్ బ్లాగే అన్నాడు.

శుభలేఖలు తయారుచేసే డీటీపీ సెంటర్లో నవల టైపు చేయించాను. అక్కడే బ్లాగు తెరిచి మొదటి మూడు భాగాలు పెట్టించాను. అదే కంప్యూటర్లో తెరిచి చూశాం. అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. తెలుగువాళ్ళు మాట్లాడుకునే ఒక నెట్ గుంపులో లింకు ఇచ్చి వచ్చాను.

ఎవరూ ఏమీ అనలేదు. బ్యాంకు అవగానే రోజూ ఆ సెంటరుకు వెళ్ళి చూసేవాణ్ణి. వ్యాఖ్యల దగ్గర సున్నా ఉండేది. ఆ లోపల భాయ్‌కి మాట పూర్తిగా పోయింది. ఫోను వాళ్ళావిడ ఎత్తేది.

"ఏమన్నా వచ్చిందా అన్నయ్యా?"

"ఇంకా లేదమ్మా."

"అడగమంటున్నారు... బాగోలేదనా, చదవలేదనా అని."

బాగోలేదేమో అని నేనూ అనుకోవడం మొదలుపెట్టాను. పత్రికకే పంపి ఉంటే కనీసం ఆశ ఉండేదనిపించింది.

అప్పుడు మాస్టారు ఫోను చేశారు. స్టేషన్లో లేచి వెళ్ళిపోయాక ఆయన మాట్లాడటం అదే మొదలు.

"రేపల్లెలో నెట్ సెంటరుకొచ్చానయ్యా. వద్దన్నవాణ్ణి కదా, చాటుగా చూద్దామని. ఏంటిది? ఒక్క తెలుగు ముక్క లేదు. ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, ప్రశ్నార్థకాలూ. ఇది చూసి ఎవడు ఏమంటాడు?"

సంగతి అప్పుడు అర్థమైంది. డీటీపీ సెంటర్లో వాడింది అచ్చుపనికి పెట్టుకున్న ఫాంటు. అది ఆ కంప్యూటర్లో ఉంది కాబట్టి మాకు తెలుగు కనిపించింది. లేనివాళ్ళకు అది చెత్త. ఇన్నాళ్ళూ ఎవరూ నవల చదవలేదు, వద్దనీ అనలేదు. చదవడానికి అక్కడ ఏమీ లేదు.

మొత్తం మళ్ళీ కొట్టాలి. అన్ని కంప్యూటర్లలోనూ కనిపించే పద్ధతి ఒకటి వచ్చింది. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారుతుంది. నాకు చేతకాదు, నేర్చుకుంటూ కొట్టాలి. మాస్టారు మర్నాడు పొద్దున్నే తెనాలి వచ్చారు. నేను సెలవు పెట్టాను. నెట్ సెంటర్లో ఆయన నా పక్కన కూర్చుని వాక్యం వాక్యం పైకి చదివారు, నేను కొట్టాను. పక్క కుర్చీల్లోవాళ్ళు విసుక్కున్నారు. "కాస్త మెల్లగా చదవండి తాతగారూ, ఇదేమన్నా బడా?" అని ఒకతను అన్నాడు.

"బడైతే నిన్ను నిలబెట్టేవాణ్ణి," అని మాస్టారు మళ్ళీ అందుకున్నారు.

సాయంత్రానికి మొదటి రెండు భాగాలయ్యాయి. పెట్టాం. మర్నాడు బాపట్ల నుంచి ఫోను. ఈసారి ఆవిడ ఏమీ అడగలేదు. "రాగలిగితే రండి అన్నయ్యా," అంది.

బయల్దేరే ముందు చూస్తే ఒక వ్యాఖ్య ఉంది. ఎవరో మాకు తెలియదు. ప్రింటు తీసుకుని, మాస్టారూ నేనూ బాపట్ల బండెక్కాం.

భాయ్ షాపు వెనక గదిలో పడుకుని ఉన్నాడు. కాగితం చూపించాను. చేతికి తీసుకోలేదు. మాస్టారికి ఇమ్మని సైగ చేశాడు. మెల్లగా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పట్టాల వైపు తిరిగినట్టే. మాస్టారు చదివారు.

మగ్గం ఇంట్లోంచి మోసుకుపోతుంటే ఇల్లాలు వాకిలి ఊడుస్తూ ఉండిపోవడం తన మనసుకు బాగా పట్టిందని ఆ మనిషి రాశాడు. రెండో భాగం మాత్రం వదులుగా ఉందన్నాడు. అక్కడ మాస్టారు ఒక్క క్షణం ఆగారు. ఆ మాట దాటేస్తారేమో అనుకున్నాను. దాటలేదు. చివరిదాకా చదివారు.

భాయ్ ఇటు తిరిగాడు. బట్ట మీద గీతలు గీసే సుద్దతో పలక మీద రాశాడు. "వదులన్నాడంటే తొడుక్కుని చూశాడు." దాని కింద, "రెండో భాగం కత్తిరించు తమ్ముడూ."

మేం తెచ్చిన రాతప్రతిలో ఎక్కడెక్కడ కత్తిరించాలో అతను చూపించాడు. నేను పెన్సిలుతో గీశాను. ఆ సవరణలు నెట్‌లో పెట్టే సమయానికి భాయ్ లేడు. మిగతా భాగాలు మాస్టారు చదువుతుంటే కొట్టి పెట్టాను. వెబ్ పత్రికకు నవల పంపనే లేదు.

మాస్టారు కూడా పోయారు. నేను ఇంకా రాస్తున్నాను. రాసినవి నేనే పెట్టుకుంటాను. పెట్టేముందు వాటిని ఎవరూ పైకి చదవరు.