ఒకే అంకె రాసిన రెండు చీటీలు

గత నెలలో ఒక సాయంత్రం హుస్సేన్‌సాగర్ ఒడ్డున నడుస్తుండగా, తెరచాప గాలి తప్పి పటపటా కొట్టుకునే చప్పుడు వినిపించి ఆగిపోయాను. నీటి మీద ఒక అమ్మాయి సన్నని పలకపై నిలబడి, చాపను రెండు చేతులా పట్టుకుని, పడిపోకుండా పెనుగులాడుతోంది. చివరికి పడింది, నవ్వుతూ మళ్లీ ఎక్కింది. "విండ్‌సర్ఫింగ్ అంటారు దీన్ని. మన రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి?" అన్నాడు పక్కనున్న మిత్రుడు. రుజువు లేని మాటను వదిలిపెట్టే అలవాటు నాకు లేదు. ఆ రోజు మాత్రం వదిలిపెట్టాను. అరవైల చివర ఒక వేసవిలో, నాచారం చెరువు మీద మేము ఇటువంటి పలకనే నడిపాం. ప్రపంచంలో మేమే మొదటివాళ్లమని అనను. అందుకు నా దగ్గర ఆధారం లేదు. పలక నడిచిందన్నది మాత్రం కళ్లారా చూసిన విషయం. దాన్ని నడిపించినవారు ప్రభుదాసు గారు. ఆయన బతుకుతెరువు పోవడం కూడా నేను కళ్లారా చూసిన విషయమే.

ఆయన విశ్వవిద్యాలయంలో మా భౌతికశాస్త్ర విభాగపు వర్క్‌షాపు మెకానిక్. బందరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. బౌద్ధనగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు, భార్య, ముగ్గురు ఆడపిల్లలు. పదకొండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగమే. ఆ వేసవిలో ఆయన్ని పర్మనెంటు చేసే ఫైలు కదిలింది. వానలు పడేలోగా ఉత్తర్వు వస్తుందని విభాగమంతా అనుకునేది. ఎవరైనా ముందుగానే అభినందిస్తే, "కాగితం చేతికొచ్చాక చెప్పండి బాబూ, అప్పుడు నమ్ముతాను" అనేవారు.

అప్పటికి నేను ఎమ్మెస్సీ పరీక్షలు ముగించి, పరిశోధనకు సీటు కోసం ఎదురుచూస్తూ తార్నాకలో ఒక గదిలో ఉంటున్నాను. నా సహాధ్యాయి యాదగిరిది మెట్టుగూడ రైల్వే క్వార్టర్సు. ఎండ భరించలేక ఇద్దరం వర్క్‌షాపులో ఫ్యాను కింద చేరేవాళ్లం. ఒక మధ్యాహ్నం ప్రభుదాసు గారు తమ ఊరి కాలువల్లో తెరచాప పడవలు గాలికి ఎదురుగా ఎలా వెళ్తాయో చెబుతుంటే, అది అసాధ్యమని నేను అడ్డం వచ్చాను. గాలి ఎటు తోస్తే పడవ అటే పోతుందని నా వాదం.

"ఎవరు చెప్పారు బాబూ?" అన్నారాయన.

"ఎవరూ చెప్పనక్కర్లేదండి. అందరికీ తెలిసిందే."

"ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయిందా? అయితే మరీ ప్రమాదం," అని ఆయన లేత్‌ యంత్రం ఆపారు. "ఎదురుగా అంటే నిటారుగా కాదండి, ఏటవాలుగా. అలాగని నా మాటా నమ్మొద్దు. ఒకటి కట్టి చూద్దాం."

"కట్టుడే సార్!" అన్నాడు యాదగిరి. "గీడ ఉడికి సచ్చుడు కంటె నీళ్లల్ల పడి సచ్చుడు నయం."

పాత తలుపు చెక్కలతో పలక, పొడవైన వెదురుతో స్తంభం, డార్క్‌రూములో పక్కన పడేసిన నల్ల పరదాతో చాప తయారయ్యాయి. చుక్కాని పెట్టలేదు. వెదురును చేత్తో ముందుకో వెనక్కో వాలిస్తే పలక దారి మళ్లుతుందని ప్రభుదాసు గారి ఊహ. అందుకోసం వెదురు అన్ని వైపులా వాలేలా, పలకకు బిగించిన ఇనుప బిళ్లలో ఒక ఉక్కు పిన్ను మీద దాన్ని నిలిపారు. భారమంతా ఆ పిన్ను మెడ మీదే. మెడ ఆరు మిల్లీమీటర్లకు తగ్గకూడదని ఆయన లెక్క కట్టి గోడ మీద సుద్దముక్కతో రాశారు. పలకను రెండు సైకిళ్లకు అడ్డంగా కట్టి తార్నాక చౌరస్తా దాటిస్తుంటే, పాన్‌డబ్బా దగ్గర ఎవరో "ఎవలు పోయిండ్రన్నా?" అని అడిగారు. "ఇంకా ఎవలూ పోలే. సాయంత్రం దాంక ఆగు!" అని యాదగిరి అరిచాడు.

మొదట ఎక్కింది ప్రభుదాసు గారే. నలభై దాటిన మనిషి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నల్ల చాపను రొమ్ముకు దగ్గరగా లాక్కుని, మౌలాలి గుట్ట వైపు నుంచి వీస్తున్న గాలికి ఏటవాలుగా ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిరుగుతూ, అవతలి ఒడ్డుకు చేరారు. తిరిగి వచ్చి, రొప్పుతూ, "ఇప్పుడు నమ్మారా?" అన్నారు. "ఒక్కసారి సరిపోదండి, గాలి మధ్యలో దిశ మారి ఉండొచ్చు" అన్నాను. నా జీవితంలో అప్పటిదాకా ఇటువంటి మాటకు తిట్లే దొరికాయి. ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది. "అదీ మాట!" అని మళ్లీ ఎక్కారు. అనుమానించడం ఎదుటివారిని చిన్నబుచ్చడం కాదని, వారి పనిని గౌరవించడమని నాకు తెలిసింది ఆ ఒడ్డు మీదే.

ఆయన వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉండేది. ఏ ముఖ్యమైన కొలతనైనా ఇద్దరు విడివిడిగా తీయాలి. ఒకరికొకరు చెప్పుకోకుండా చెరొక చీటీ మీద రాసి, సంతకం చేసి, బల్ల మీది ఇనుప ఊచకు గుచ్చాలి. "మనుషులు వేరు, చేతులు వేరు. చివరి అంకె కొంచెమైనా తేడా రావాలి. అచ్చంగా కలిస్తే నాకు భయం బాబూ" అనేవారు. ఇది నియమంగా నిలవదు. రెండు నిజమైన కొలతలు కాకతాళీయంగా కలవవచ్చు. అది ఆయనకూ తెలుసు. అయినా భయపడేవారు.

మే నెలలో మొదటి పిన్ను అరిగిపోయింది. కొత్తది లేత్‌ మీద యాదగిరి తీశాడు. ఆ శనివారం ప్రభుదాసు గారు చర్చిలో బంధువుల పెళ్లికి వెళ్తూ, "ఇద్దరూ కొలవండి. ఆరుకు తగ్గకపోతే బిగించుకోండి" అని చెప్పి వెళ్లారు. యాదగిరి విద్యార్థుల ల్యాబు నుంచి ఒక వెర్నియర్ కాలిపర్స్ తెచ్చి కొలిచి, చీటీ రాసి, సైకిలు తీయడానికి బయటికి పోయాడు. రేకుల కప్పు కింద ఎండ మండిపోతోంది. "అరె నర్సిం, జల్ది రారా! గాలి లేసింది. నంబరు ఏస్తె అయిపాయె గద!" అని కేక వేశాడు. అతని చీటీ మడత పెట్టకుండా బల్ల మీదే ఉంది. ఆరు పాయింట్ సున్నా ఎనిమిది. నేను పిన్నును చేతిలోకి కూడా తీసుకోలేదు. అదే అంకె నా చీటీ మీద రాసి, సంతకం చేసి, రెండింటినీ ఊచకు గుచ్చాను.

యాదగిరి పలకెక్కి చెరువు నడుమకు వెళ్లాక, ఒక గట్టి గాలి కొట్టినప్పుడు, పిన్ను మెడ దగ్గర విరిగింది. వెదురు అతని ముఖం మీద పడింది. ఈదుకుంటూ పోయి అతన్ని ఒడ్డుకు లాక్కొచ్చాను. ప్రాణం దక్కింది; ఎడమ కన్ను పోయింది. విరిగిన పిన్ను చెరువు అడుగుకు చేరింది. కొలవడానికి ఏమీ మిగల్లేదు.

సోమవారం ఎవరూ రాకముందే వెళ్లి ఆ కాలిపర్స్ తీశాను. దవడలు పూర్తిగా మూశాను. సున్నా చూపాల్సిన చోట అది దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు చూపింది. అంటే పిన్ను మెడ నాలుగున్నరే. వంగుడును తట్టుకునే బలం ఉండాల్సిన దానిలో సగం కూడా లేదు. దవడలు మూసి సున్నా చూసుకోవడం ఇంటర్మీడియట్ కుర్రవాళ్లకు నేర్పే మొదటి పాఠం. యాదగిరి తొందరలో మరిచాడు. మరిచినవాడిని పట్టుకోవడానికే రెండో కొలత. ఆ రెండో కొలతను నేను తీయలేదు.

యాదగిరి ఇంకా ఆసుపత్రిలో ఉండగానే విచారణకు ముగ్గురు ఆచార్యులు కూర్చున్నారు. వారిలో పెద్దాయనే నాకు పరిశోధనకు సీటు ఇస్తానన్నవారు. ప్రభుదాసు గారు రెండు చీటీలను బల్ల మీద పెట్టి, "ఇద్దరూ కొలిచినట్టు రాశారండి. ఎలా కొలిచారో వాళ్లే చెప్పాలి" అన్నారు. నా వైపు చూడలేదు.

"నరసింహం, కొలతల్లో తేడా ఏమైనా వచ్చిందా?" అని పెద్దాయన అడిగారు.

"రాలేదు సార్. రెండు చీటీల్లోనూ ఒకే అంకె ఉంది."

ఆ వాక్యంలో ఒక్క అబద్ధపు మాట లేదు. ఎన్నిసార్లు పరీక్షించినా నిలుస్తుంది. కొలత సరిగ్గా ఉన్నప్పుడు తప్పు పలక నమూనాదే అయి ఉండాలని వారు తేల్చారు. నమూనా ప్రభుదాసు గారిది. పర్మనెంటు ఫైలు వెనక్కి వెళ్లింది. తాత్కాలిక ఉద్యోగం నుంచి కూడా తొలగించాలని సిఫారసు రాశారు. క్యాంటీనులో ఒకతను నా భుజం తట్టి, "పోనీలే, గాయన మనోడు గాదు గదా" అన్నాడు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో అది నాకు కొంత ఊరటగా తోచింది.

నాలుగు రోజులకు బౌద్ధనగర్ వెళ్లాను. ఆయన భార్య నన్ను చూడగానే, "రండి బాబూ, మీ స్నేహితుడికి ఎలా ఉంది? మా ప్రార్థనలో రోజూ తలుచుకుంటున్నాం" అని టీ ఇచ్చారు. ఆమె లోపలికి వెళ్లాక అన్నాను: "నేను కొలవలేదండి."

"తెలుసు బాబూ. చీటీలు చూడగానే తెలిసింది."

"మరి అక్కడ ఎందుకు చెప్పలేదండీ?"

"నేను చెబితే అది నా అనుమానం. మీరు చెబితే సాక్ష్యం."

క్షమించమన్నాను. ఆయన గొంతు పెంచలేదు. "నాకెందుకు చెబుతారు? నాకు చెబితే మీ బరువు దిగుతుంది. నా ఉద్యోగం నిలబడదు కదా. తొలగింపు ఉత్తర్వు మీద సంతకం రేపు పొద్దునని విన్నాను. ఆఫీసు ఐదింటిదాకా ఉంటుంది." గోడ గడియారం వైపు చూశారు. "మూడున్నర అయింది. వెళ్లండి."

మెట్టుగూడ దాటేదాకా నేను వెళ్తున్నాననే అనుకున్నాను. తార్నాక చౌరస్తాలో కుడికి తిరిగితే క్యాంపస్, ఎడమకు తిరిగితే నా గది. ఎడమకు తిరిగాను.

నెల తిరక్కుండానే ఆ కుటుంబం బందరు వెళ్లిపోయింది. ఏదో మిషన్ బడిలో ఆయన వడ్రంగం నేర్పుతున్నారని తర్వాత విన్నాను; విచారించి తెలుసుకోలేదు. నాకు పరిశోధన సీటు వచ్చింది. నలభై ఏళ్ల పాటు ఇతరుల కొలతలను తవ్వి తప్పులు పట్టాను. ముడి లెక్కలు చూపనిదే విద్యార్థి వాక్యాన్ని ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు. నా పదవీ విరమణ సభలో దాన్ని నిజాయితీ అన్నారు. నేను సరిదిద్దలేదు.

బౌద్ధనగర్‌లో ఆ ఇంటి గుమ్మం నుంచి క్యాంపస్‌లోని ఆ ఆఫీసు మెట్ల వరకు సైకిలు మీద ఎంతసేపు పడుతుందో ఆ తర్వాత కొలిచాను. వేర్వేరు రోజుల్లో, ఎదురుగాలిలో కూడా, మూడుసార్లు తొక్కి చూశాను. ఒక్కసారీ అరగంట దాటలేదు.