పగటి కథ

"మొగుడు దారిలో ఉండగా పట్టపగలు కత చెప్తవా? నీకు తలకాయ ఉందా లేదా?"

"పిల్ల ఒళ్లు పెనంలెక్క కాలుతుంది అత్తా. కతైతేనే నోరు తెరుస్తది. నన్నేం చేయమంటవ్?"

"ముక్కు మూసి కషాయం నోట్ల పొయ్యి. నీ మొగుణ్ని కతలు చెప్పి పెంచలే నేను."

"అందుకే ఆయనకు ఒక్క కతన్న రాదు!"

మా నాయనమ్మ, అమ్మ ఇలా అరుచుకుంటుంటే మధ్యలో చాప మీద జ్వరంతో పడి ఉన్నది నేను. బస్తరులో రాజుగారి ఏలుబడి నడుస్తున్న రోజులు. కొంటాలో మాకు ఉప్పు దుకాణం ఉండేది. మా వైపు పగలు కథ చెప్పరు. చెబితే దారిన పోయేవాళ్లు దారి తప్పుతారని అంటారు. నాన్న ఉప్పు బండితో దోర్నపాల్ సంతకు పోయి, ఆ రోజు తిరుగు దారిలో ఉన్నాడు. పొద్దుగూకేసరికి ఇల్లు చేరాలి. అమ్మ చేతిలో నేలవేము కషాయం. అది మింగితేగాని జ్వరం దిగదు, కథ చెబితేగాని నేను మింగను.

ఇప్పటికీ ఇంట్లో ఎవరికైనా నేలవేము కాస్తే చాలు, ఆ వాసనకు నా కాళ్లు ఒకచోట నిలవవు. గడపదాకా పోతాను, వస్తాను, మళ్లీ పోతాను. ఏం కావాలని కోడలు అడుగుతుంది. ఏమీ వద్దంటాను.

అమ్మ కథలు మామూలుగా దీపాలు పెట్టే వేళకు, చింతపండులో గింజ తీస్తుండగా మొదలయ్యేవి. మా చేతులు ఆగితే ఆమె నోరూ ఆగేది. ఊరికే కూర్చుని వినడం మా ఇంట్లో లేదు. ఆ అలవాటు నాకూ మిగిలింది, చేతిలో పని లేకుండా నేను మాట్లాడను. ఉప్పుకొచ్చే అడవి పల్లెల దోర్ల ఆడవాళ్ల దగ్గర విన్నదీ, పుట్టింట్లో విన్నదీ కలిపి అమ్మ తన కథ చేసుకునేది. ఎలుగుబంటి పెళ్లికి కుండలు మోసుకుపోయిన ముసలమ్మ కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. పెళ్లి భోజనం తిని వస్తూ ఆ ముసలమ్మ అడవిలో దారి తప్పుతుంది. అసలు కథంతా అక్కణ్నుంచే.

ఆ మధ్యాహ్నం అమ్మ నాయనమ్మ మాట వినలేదు. తలుపు దగ్గరికి వేసి, నా చెవి దగ్గర గుసగుసగా ఆ కథే చెప్పింది. ఒక్కో గుక్కకు ఒక్కో ముక్క. పెళ్లి అయింది, భోజనం అయింది, ముసలమ్మ బయలుదేరింది, తిన్నగా ఇల్లు చేరింది.

"అదేందమ్మా? అడవిలో తప్పిపోవాలె గదా?"

"ఇయ్యాల తప్పిపోదు. మింగు."

అంటూనే తలుపు సందులోంచి దారికేసి తొంగిచూసింది. అత్త మీద అంత ఎగిరిన మనిషికి కూడా లోపల భయం ఉందని నాకప్పుడే తెలిసింది.

పొద్దుగూకింది. బండి రాలేదు. అమ్మ బియ్యం కడగడానికి కూర్చుని, అవి అలాగే వదిలేసి వాకిట్లోకి పోయింది. వచ్చి నా నుదురు ముట్టుకుని మళ్లీ పోయింది. నాయనమ్మ గోడకు ఆనుకుని, దారికేసి చూస్తూ కూర్చుంది. ఎక్కడ ఎద్దు మెడగంట మోగినా ఇద్దరూ ఒకేసారి లేచేవారు. నా జ్వరం దిగుతోందని ఎవరూ గమనించలేదు.

పగలు పని చెడకుండా పెద్దలు పెట్టిన భయం అది అంటాడు మా మనవడు. కావచ్చు. వాడు చదువుకున్నవాడు, నేను బడికి పోయింది కొద్దిరోజులే. అయినా నేను పగలు కథ చెప్పను. చెప్పమని పిల్లలు ఏడ్చినా చెప్పను. చీకటి పడ్డాక మాత్రం అమ్మ కథల్లో ఒక్కటీ వదలకుండా చెబుతాను. ముసలమ్మను అడవిలో తప్పిపోనిస్తాను.

మర్నాడు పొద్దెక్కాక నాన్న వచ్చాడు. బండి చక్రాలనిండా బురద.

"దారి తప్పినవారా?" నాయనమ్మ ఎదురెళ్లి అడిగింది.

"నిన్న వాగొచ్చిందమ్మా. దాటలేక అవతలి గట్టునే పండుకున్న. తెలిసిన దారి ఎట్ల తప్పుత?"

అమ్మ మొహం విప్పారింది. కషాయం గిన్నె పట్టుకుని నా దగ్గరికొచ్చి, వాకిట్లోకి వినపడేటట్టు అంది. "నీ కొడుకు ఇంట్లనే ఉన్నడు. ఇప్పుడు చెప్పొచ్చా అత్తా?"

నాయనమ్మ ఎద్దు మెడ తుడుస్తోంది. తల తిప్పలేదు.

"నా కొడుకు వచ్చిండు. ఇంకెవరి కొడుకో దారిలనే ఉన్నడు గదనే."

అమ్మ గిన్నె పట్టుకుని గడపదాకా పోయి, దారికేసి చూసి వచ్చింది.

నేను లేచి కూర్చున్నాను. ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని, కథ అడగకుండానే కషాయం తాగేశాను.