ఆ ఫొటోలో కల్లం మాది కాదు

అరవై దాటాక పాస్టరమ్మ గారి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు నాకు తెలిసిన చదువల్లా మిరపకాయలు నింపే టిక్కీల మీద రంగుతో రాసిన రైతుల పేర్లే. చదివేదాన్ని కాదు, రాత ఆకారం చూసి ఎవరి బస్తానో చెప్పేసేదాన్ని. ఇప్పుడు నేనే రాస్తున్నాను. డిగ్రీ చదివే మనవరాలు నాకో బ్లాగు తెరిచింది. మిరప పనుల గురించి నేను నోటుబుక్కులో రాస్తే, తను టైపు చేసి పైన ఓ ఫొటో పెడుతుంది.

కల్లంలో కాయలు ఆరబెట్టడం గురించి రాసినప్పుడు, ఇంటర్నెట్లో ఉచితంగా దొరికిన ఫొటో ఒకటి పెట్టింది. కాయలు ఎర్రగా మెరిసిపోతున్నాయి. నేనూ మురిసిపోయాను. దాని కిందనే "మా కల్లంలో" అని మొదలయ్యే నా రాత.

వదిన పట్టేసింది. ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటామే గానీ చుట్టం కాదు, పర్చూరు వైపు కల్లాల్లో ముప్పై ఏళ్ళు నా పక్కన కూర్చుని కాయలు ఏరిన మనిషి. కాయను చెవి దగ్గర ఆడించి, గింజల చప్పుడు విని, లోపల తడి ఉందో లేదో చెప్పేస్తుంది. తర్వాత రాయాల్సింది ఆ విద్య గురించే. చెబుతానని మాట కూడా ఇచ్చింది. ఆ మనిషి ఫోన్లో ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి, నా ముఖంలోకి చూసింది.

"ఇదెవరి కల్లం వదినా? మన కాయ సన్నంగా కోలగా ఉంటది. ఇవి పొట్టివి, బొద్దువి. ఇంకొకళ్ళ కాయ తెచ్చి మన టిక్కీలో పోశావు."

ఫ్రీ ఫొటో అని నసిగాను. తీసినవాళ్ళ పేరేదని అడిగింది. పేరు లేదు. అయితే తన విద్య చెప్పనంది. రేపు దాన్నీ నా పేరు మీదే వేసుకుంటానట.

ఇంటికొచ్చి మనవరాలిని నిలదీశాను. పేరు వెయ్యక్కర్లేదని ఆ సైటువాళ్ళే రాశారంది.

"అక్కర్లేదన్నారు గానీ, వెయ్యొద్దన్నారా?" అన్నాను.

వెంటనే ఆ సైటు తెరిచి వెతికింది. ఫొటో తీసినావిడ పేరు దొరికింది. ఊరు లేదు. టిక్కీ మీద ఊరు రాయకపోతే, ఒకే పేరున్న ఇద్దరు రైతుల సరుకు కలిసిపోతుంది. ఊరు తెలియందే ఒప్పుకోనని మొండికేశాను. మనవరాలు పడీ పడీ నవ్వి, ఆ సైటులోంచే ఆవిడకు ఇంగ్లీషులో రాసింది.

మూడు రోజులకు జవాబొచ్చింది. ఫొటో వాడుకున్నవాళ్ళు చాలామందే గానీ, ఊరడిగింది మేమేనట. మెక్సికోలో ఒక పల్లె. అత్తగారి పెరట్లో తీసిందట. మీ కాయ ఎంత కారమో చెప్పమని అడిగింది.

ఫొటో కింద రాయించాను: ఈ కల్లం మాది కాదు, ఫొటో మేం తీయలేదు. ఆ పక్కనే ఆవిడ పేరు, ఊరు, సైటు పేరు.

వదినకు చదువు రాదు. నేనే వేలు పెట్టి చదివి వినిపించాను. రెండోసారీ చదివించుకుంది. తర్వాత చెంగు ముడి విప్పి, ఎండు కాయొకటి తీసి నా చెవి దగ్గర ఆడించింది.

"ఇను. రాసేటప్పుడు నా పేరు అడుగున చిన్నగా వేస్తే ఊరుకోను, పైన వెయ్యి. ఊరు మర్చిపోకు."