పదివేల అడుగుల మీద జనరేటరు

మార్లిస్ పంతొమ్మిదేళ్లు వంట చేసిన స్కీ లాడ్జి వాళ్లు ఆమెను ఇంట్లోంచి వెళ్లగొట్టడానికి ఒక్క కాగితం వాడారు. వంటవాళ్లూ, స్కీలతో మంచుమీద జారేవాళ్లను కొండెక్కించే లిఫ్టు నడిపేవాళ్లూ ఉండే పాత మేడను అతిథుల గదులుగా మారుస్తున్నామనీ, సెప్టెంబరు నెలాఖరుకల్లా ఖాళీ చేయాలనీ అందులో ఉంది. అడుగున "మీ సేవలకు కృతజ్ఞతలతో" అని కూడా ఉంది. తర్వాత ఆ గదుల్లో కొత్త తివాచీలు పరచడానికి వచ్చిన కూలివాళ్లకు మధ్యాహ్నం సూప్ కాచి పోసింది మార్లిసే.

లెడ్‌విల్ అనే ఆ కొండ ఊరి చుట్టుపక్కల ఆ జీతానికి అద్దెకు దొరికే ఇల్లు లేదు. మొగుడు వెండెల్‌తో కలిసి ఇరవై ఏడేళ్ల నాటి మోటారు ఇల్లు, లోపలే కాపురం ఉండే పెద్ద బండి, ఒకటి కొనుక్కుని అడవిలోకి చేరింది. అడవిలో ఒకచోట పద్నాలుగు రోజులకు మించి ఉండనివ్వరు. అందుకని కొండమీద పాత గని దారి పక్కన పద్నాలుగు రోజులు, కింద నది ఒడ్డున పద్నాలుగు రోజులు. మళ్లీ పైకి. అక్కడ మకాం వేసినవాళ్లు పక్కవాడి ఇంటిపేరు ఎరగకపోయినా, వాడికి ఇంకెన్ని రోజులు మిగిలాయో మాత్రం ఠక్కున చెబుతారు.

వెండెల్ ఊపిరితిత్తులు గని దుమ్ములోనే పోయాయి. గాలిలోంచి ఆక్సిజన్ లాగి ముక్కుకు అందించే యంత్రం పక్కన ఉండాలి. అది నడవాలంటే కరెంటు, కరెంటు కావాలంటే బండి కింద బిగించిన జనరేటరు. బ్యాటరీలు ముసలివి, గంటకే చేతులెత్తేసేవి. కొండ దిగి పొమ్మని డాక్టరు ఏడాదిగా చెబుతూనే ఉన్నాడు. దిగితే మార్లిస్ ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతోపాటు బీమా పోతుంది. బీమాతోపాటు ఆ యంత్రమూ పోతుంది. వెండెల్‌కు అరవై ఐదు నిండితే ప్రభుత్వ బీమా వస్తుంది. అది మే పదకొండున. అంతవరకు అతను బతకడానికి కావాల్సిన ఉద్యోగం, అతన్ని చంపుతున్న కొండమీదే ఉంది. కింద అతనికో గది తీసుకుందామన్నా, అదీ ఈ బండీ రెండూ ఆమె జీతంలో ఇమడవు.

జనరేటరుకూ అదే జబ్బు. పదివేల అడుగుల మీద దానికీ గాలి చాలదు. నాలుగువేల వాట్లదని అమ్మినవాడు చెప్పాడు కానీ, పైన దానిలో మూడోవంతు ఎగిరిపోతుంది. యంత్రం ఆన్‌లో ఉండగా హీటర్ ఫ్యాను తిరిగితే కాఫీ కాచుకోవడానికి లేదు. పైకి వచ్చినప్పుడల్లా కార్బ్యురేటరు పక్కనున్న చిన్న మర తిప్పి పెట్రోలు తగ్గించాలి, లేకపోతే పొగ కక్కి ప్లగ్గు మసిబారి ఆగిపోతుంది. కిందికి దిగితే మళ్లీ పెంచాలి, లేకపోతే వేడెక్కి ఇంజనే కాలిపోతుంది. మర కొండమీద ఎక్కడ ఉండాలో పై గుర్తు, నది ఒడ్డున ఎక్కడ ఉండాలో కింది గుర్తు, రెండూ మార్లిస్ ఎర్ర గోళ్లరంగుతో పెట్టుకుంది.

"నువ్వూ జనరేటరూ, మీ ఇద్దరిలో ఎవరు ఎక్కువ దగ్గుతున్నారో ఇక్కడికి తెలియడం లేదు వెండెల్" అనేవాడు ఆర్లో, పక్కనే వ్యానులో ఉండేవాడు, లిఫ్టు దగ్గర పని.

"అది దగ్గితే మా ఆవిడ పరుగెత్తుకొస్తుంది. నేను దగ్గితే టీవీ సౌండు పెంచుతుంది" అనేవాడు వెండెల్.

చలికాలంలో అక్కడ అందరూ ఒక ఉపాయం చేసేవారు. గడ్డకట్టిన పొద్దుట జనరేటరు అందుకోదు. మరను కింది గుర్తుకు తిప్పితే పెట్రోలు ఎక్కువ దిగి అంటుకుంటుంది. పది నిమిషాలు వేడెక్కనిచ్చి మళ్లీ పై గుర్తుకు తిప్పేయాలి.

నవంబరులో ఒక పొద్దున మార్లిస్ అలాగే తిప్పి స్టార్టు చేసింది. వేడెక్కేలోగా అటవీశాఖ మనిషి వచ్చి తలుపు తట్టాడు.

"నిన్నటితో పద్నాలుగు అయిపోయాయి మేడమ్."

"నిన్న దారిమీద మంచు తీయలేదు. నువ్వే ఎలా వచ్చావో నాకు అర్థం కావడం లేదు."

"ఇవాళ తీశారు. సాయంత్రంలోగా కదలండి. నేను జరిమానా రాయకుండా వెళ్లడమే ఎక్కువ."

"ఎక్కువే బాబూ. ఇంకా ఎక్కువ చేయగలిగితే రేపు పొద్దుట దాకా చెయ్యి."

అతను తల అడ్డంగా ఊపాడు. వాదన ముగిసేసరికి షిఫ్టుకు ఆలస్యమైంది. వెండెల్ ముక్కుకున్న గొట్టం సరిచేసి, పాత కారెక్కి వెళ్లిపోయింది.

పదకొండున్నరకు మిరపకాయల కూరలోకి పంది మాంసం తరుగుతూ చెయ్యి ఆపేసింది. మరను తిప్పింది గుర్తుంది. వెనక్కి తిప్పింది గుర్తు రాలేదు. ఎంత తవ్వుకున్నా ఆ అటవీశాఖ మనిషి టోపీయే కళ్లముందుకు వచ్చింది. మకాం దగ్గర ఫోను పలకదు. ఆర్లో లిఫ్టు మీద ఉన్నాడు. అత్యవసరానికి దాచిన ఆక్సిజన్ సిలిండరు, బ్యాటరీలిచ్చే గంటతో కలిపి, వెండెల్‌కు అయిదు గంటలు వస్తుంది. జనరేటరు ఎనిమిదికి ఆగి ఉంటే ఒంటిగంట దాకా. తొమ్మిదికి ఆగి ఉంటే రెండు దాకా. అసలు ఆగకపోయి ఉంటే ఏ గొడవా లేదు.

వంటింటి మేనేజరు బ్రైస్ దగ్గరకు వెళ్లింది. "ఇంటికి వెళ్లాలి. జనరేటరు."

"లంచ్‌కి రెండు బస్సుల జనం దిగుతున్నారు మార్లిస్. పని మధ్యలో వెళ్లినందుకు ఇప్పటికే మూడు పాయింట్లు ఉన్నాయి నీ మీద. నాలుగోది పడితే నా చేతిలో ఉండదు, కంప్యూటరే ఉద్యోగం తీసేస్తుంది."

"మా ఆయన ఒక్కడే ఉన్నాడు."

"నేను వెళ్లొద్దనలేదు. ఏమవుతుందో చెప్పాను."

ఆమె తలుపు దాకా నడిచింది. అక్కడ కోటు తగిలించి ఉంది. వెళ్తే ఉద్యోగం పోతుంది, ఆ యంత్రాన్ని వచ్చి పట్టుకుపోతారు. వెళ్లకపోతే ఆ యంత్రంతో పని ఉండకపోవచ్చు. కోటు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత తిరిగి వచ్చి మాంసం తరిగింది. రెండు బస్సుల జనానికీ వడ్డించింది. ఒకావిడ కూర బాగుందని చెప్పి వెళ్లింది. ఒంటిగంటా పదికి బ్రైస్ ఆమె వైపు చూడకుండానే "ఇక పో, షిఫ్టు అయిందని రాస్తాను" అన్నాడు.

మంచు దారిలో ఇరవై అయిదు నిమిషాలు. దారి మలుపులో ఇంజను చప్పుడు వినబడలేదు.

వెండెల్ బండి పక్కన మంచులో కూర్చుని ఉన్నాడు, ఒళ్లో సిలిండరు, చేతిలో నల్లగా మసిబారిన ప్లగ్గు, పక్కన ఆమె పళ్లు తోముకునే బ్రష్షు. ప్లగ్గు విప్పగలిగాడు, శుభ్రం చేయగలిగాడు. తిరిగి బిగించడానికి వేళ్లు లొంగలేదు. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. సిలిండరు ముల్లు అడుగుకు ఆనింది. మార్లిస్ ప్లగ్గు బిగించి, మరను పైగుర్తుకు తిప్పి, అయిదోసారికి అంటించింది. అతన్ని చంకల కింద పట్టి లోపలికి లాగి గొట్టం తగిలించింది.

పావుగంటకు అతనికి మాట వచ్చింది. "మర్చిపోయావా?"

"ఇప్పుడే గుర్తొచ్చింది. గుర్తు రాగానే వచ్చేశాను."

వెండెల్ గోడ గడియారం వైపు చూశాడు. రెండు కావస్తోంది, లంచ్ వడ్డన ముగిసిపోయే వేళ. తర్వాత ఆమె చేతుల వైపు చూశాడు. వాటికి పచ్చిమిరపకాయల వాసన ఉంది. "నీ బ్రష్షు పాడుచేశాను" అన్నాడు.

ఆ సాయంత్రమే బండి కదిలించి నది ఒడ్డుకు దిగారు. మరను మళ్లీ కిందికి తిప్పింది, ఈసారి రెండుసార్లు చూసుకుని.

అతను ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. గొణగలేదు, సాధించలేదు. ఇదివరకు వేసే జోకులు కూడా తగ్గించాడు. ఆమె పనికి బయలుదేరేటప్పుడు "మర చూశావా?" అని మాత్రం అడిగేవాడు, రోజూ ఒకే గొంతుతో. ఆ బండి పొడవు ఇరవై ఆరడుగులు. అందులో ఆ ప్రశ్నకు దూరంగా వెళ్లి కూర్చునే చోటు లేదు.

ఏప్రిల్లో మంచు కరిగి లిఫ్టులు ఆగిపోయాయి, లాడ్జి వంటిల్లు మాత్రం నడుస్తూనే ఉంది. ఆర్లో యూటా రాష్ట్రానికి వెళ్లిపోతూ చెప్పి వెళ్దామని వచ్చాడు. మార్లిస్ మెట్టు మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. లోపల యంత్రం నడుస్తోంది, వెండెల్ నిద్రపోతున్నాడు.

"ఇంకెన్ని మకాములు?"

"రెండు."

"గట్టెక్కినట్టే. ముసలాయన అదృష్టవంతుడు, ఆ రోజు సమయానికి నీకు గుర్తొచ్చింది."

మార్లిస్ కత్తి పక్కన పెట్టింది. తలుపు దగ్గరికి లాగింది.

"నాకు పదకొండున్నరకే గుర్తొచ్చింది ఆర్లో" అంది. "ఆయనకి తెలుసు. మే పదకొండు దాకా నా బీమా కావాలి, అంతవరకు అడగడు. ఆ తర్వాత అడుగుతాడు, నువ్వు ఇక్కడ ఉండకపోవడమే మంచిది."